కింది పళ్ళ సెట్టు కథ



పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇల్లూ వాకిలీ అమర్చుకుని, పిల్లల్ని ఒక దారికి తెచ్చి, ఇక నాలుగు రోజులు నిదానంగా కూర్చుని కమ్మగా ఏదన్నా తిందామనుకునే వేళకి నోట్లో పళ్ళుండవు. పోతే పోయాయి, కట్టుడు పళ్ళున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఆ కట్టుడు పళ్ళ సంగతే ఇవాళ మీతో చెబుదామని వచ్చాను. ఊడిన పళ్ళ చోట మళ్ళీ పళ్ళు నిలబెట్టడానికి మనుషులు రెండున్నర వేల ఏళ్ళకు పైగా పడ్డ పాట్ల కథ ఇది. అందులోనూ ముఖ్యంగా కింది సెట్టు కథ. పై సెట్టు ఎలాగో సర్దుకుంటుంది. పేచీ అంతా కిందిదానితోనే.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక పెద్దావిడ ఉండే ఉంటుంది. పై సెట్టు పెట్టుకుంటుంది. కింది సెట్టు మాత్రం స్టీలు డబ్బాలో నీళ్ళలో నానుతూ అలమరలో ఉంటుంది. పెళ్ళికో పేరంటానికో, ఫోటో తీయించుకునేటప్పుడో పెట్టుకుంటుంది. విస్తరి ముందు కూర్చోగానే కొంగు చాటున తీసేస్తుంది. నమలడానికి చేయించుకున్న పళ్ళు నమిలేటప్పుడే తీసేయడమేమిటండీ? అడిగి చూడండి. “నాకు అలవాటు కాలేదమ్మా” అంటుంది. కోడలు “అత్తయ్యగారు పెట్టుకోరండీ, ఎన్నిసార్లు చెప్పినా అంతే” అంటుంది. డాక్టరుగారు “ప్రాక్టీసు చెయ్యాలమ్మా” అంటారు. ముగ్గురూ కలిసి నేరం ఆవిడ మీదే మోపుతారు. నేరం ఆవిడది కాదు. చాలాసార్లు సెట్టు చేసినాయనదీ కాదు. మరి ఎవరిదీ అంటే, మొదటినించీ చెప్పుకురావాలి.

ఇటలీలో రోము నగరం ఇంకా గొప్పది కాకముందు ఎట్రుస్కన్లని ఒక జాతివారు ఉండేవారు. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటికే వాళ్ళు సన్నటి బంగారు రేకును పట్టీలాగ వంచి, పక్కనున్న గట్టి పళ్ళకి చుట్టి, మధ్యలో ఊడిన పన్ను బదులు ఇంకో పన్ను బిగించేవారు. తవ్వకాల్లో దొరికిన ఈ పట్టీలు ఎవరివని ఆరా తీస్తే, తెలిసినంత మటుకు అన్నీ ఆడవాళ్ళవేనట! నగ మీది మోజే అనండి, నోరు బోసిగా కనిపించకూడదన్న అభిమానమే అనండి, పెట్టుకున్నారు. అయితే పక్కన గట్టి పన్ను ఉంటేనే ఈ ఉపాయం పనికొచ్చేది. ఆధారం లేని నోట్లో ఏం చేస్తారు?

దానికి జవాబు కూడా ఒక స్త్రీ నోట్లోనే దొరికింది. జపానులో వకయామా అనే ప్రాంతంలో నకవోకా తెయి అనే బౌద్ధ సన్యాసిని ఉండేది. 1538లో కాలం చేసింది. ఆవిడ పెట్టుకున్న సెట్టు ఇప్పటికీ భద్రంగా ఉంది. పై సెట్టే సుమండీ. జపాను వాళ్ళు దువ్వెనలు చేసుకునే గట్టి చెక్క ఒకటుంది. ఆ చెక్క ముక్కను ఆవిడ అంగిలికి అతికేటట్టు చెక్కారు. స్ప్రింగులు లేవు, తీగలు లేవు. తడి గాజుపలక మీద ఇంకో గాజుపలక పెడితే ఎలా పట్టుకుంటుంది? అలాగ అంగిలికి, చెక్కకి మధ్య ఉమ్మి తడితోనే అది నిలిచింది. ఇంత చిన్న కిటుకు యూరపు దొరలకి ఇంకో 250 ఏళ్ళకు గాని తెలియలేదు.

ఈలోగా వాళ్ళు పడ్డ అవస్థ చూడండి. 1728లో పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి ఆయన పళ్ళ వైద్యం మీద మొదటి పెద్ద పుస్తకం రాశాడు. పై సెట్టు జారిపోకుండా దానికీ కింది భాగానికీ మధ్య ఉక్కు స్ప్రింగులు బిగించడం అందులో చెప్పాడు. స్ప్రింగు గుణం తెలుసుగా, ఎప్పుడూ విచ్చుకుందామనే చూస్తుంది. పెట్టుకున్నవాళ్ళు దవడలు బిగబట్టి కూర్చోవాలి. కాస్త ఏమరిస్తే నోరు దానంతటది తెరుచుకుంటుంది! పళ్ళు దేనితో చేసేవారంటారా? నీటిగుర్రం దంతంతో, ఏనుగు దంతంతో, చచ్చిపోయిన మనుషుల పళ్ళతోనూ. 1815లో వాటర్లూ యుద్ధంలో పడిపోయిన కుర్ర సిపాయిల పళ్ళు పీకి సంచులకెత్తి ఇంగ్లండులో అమ్ముకున్నారు. ‘వాటర్లూ పళ్ళు’ అని పేరే పడిపోయింది. దంతంతో చేసినవి కొన్నాళ్ళకి కుళ్ళి కంపు కొట్టేవి. ఆ కంపు భరించలేకే 1774 ప్రాంతంలో డూషాటో అనే ఫ్రెంచి మందుల కొట్టాయన పింగాణీ పళ్ళ కోసం పట్టుబట్టాడు. మనం పింగాణీ కప్పుల్లో కాఫీ తాగుతాం, ఆయన పింగాణీని నోట్లోనే పెట్టుకున్నాడు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళల్లో ఒక డాలరు నోటైనా పెట్టెలో ఉంటుంది. తీసి దాని మీది జార్జి వాషింగ్టన్ మొహం చూడండి. పెదవులు ఎంత బిగించి ఉంటాయో! ఆయన 1789లో అమెరికాకు మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసే నాటికి నోట్లో సొంత పన్ను ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. ఆయనవి చెక్క పళ్ళని పుకారు ఉంది గాని అది నిజం కాదు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు, లోహం, స్ప్రింగులు, అదీ సరంజామా. 1784లో నల్లవారైన బానిసల దగ్గర 9 పళ్ళు కొన్నట్టు ఆయన లెక్కల పుస్తకంలోనే ఉంది. ఎవరి నోటి ముద్ద తీసి ఎవరి నోట పెట్టారో చూడండి.

కాని నాకు ఆశ్చర్యమనిపించిన సంగతి ఇంకోటి. గ్రీన్‌వుడ్ అనే పళ్ళ డాక్టరు ఆయనకి చేసిన కింది సెట్టులో ఆ మిగిలిన ఒక్క పన్ను దూరడానికి బెజ్జం పెట్టాడు. తిరగలికి మధ్యన కొయ్యమేకు ఎలాగో, ఆ సెట్టుకి ఆ పన్ను అలాగ. కింది సెట్టు నిలవాలంటే దవడలోంచే ఒక మేకు రావాలి అన్న సంగతి అక్కడే ఉంది. ఆ పన్ను కూడా 1796లో పోయింది.

ఇక 1800లో ఫిలడెల్ఫియాలో జరిగినట్టు చెప్పే ముచ్చట. గార్డెట్ అనే డాక్టరు ఒకావిడకి పై సెట్టు చేసిచ్చి, “ముందు ఊరికే పెట్టుకుని అలవాటు చేసుకోండి, స్ప్రింగులు తర్వాత వేస్తాను” అని వెళ్ళిపోయాడు. పనుల్లో పడి నెలల తరబడి రానేలేదు. చివరికి స్ప్రింగులు పట్టుకుని వస్తే ఆవిడ, “ఎందుకండీ, మొదటి రోజుల్లో కాస్త ఇబ్బందిగా ఉండేది గాని ఇప్పుడు గట్టిగానే పట్టుకుంటోంది” అన్నదట. డాక్టరు నోరు తెరిచాడు. గాలి ఒత్తిడితోనూ తడితోనూ పై సెట్టు దానంతటదే నిలుస్తుందని అప్పుడు గ్రహించాడు. కనిపెట్టింది ఆవిడ. పేరు మాత్రం ఆయనకి దక్కింది.

పై సెట్టు ఇలా అంగిలంతా కప్పి నిలుస్తుంది కనక దాంతో ఒక చిక్కు ఉంది. మన కొల్లేటి వైపు వాళ్ళకి అది చాలా పెద్ద చిక్కు. చేప ముల్లును మనం కంటితో చూసి ఏరుతామనుకుంటాం గాని, సగం ఏరేది నాలుకా అంగిలీ కలిసే. ముద్ద నోట్లో పెట్టుకోగానే నాలుక దాన్ని పైకి నొక్కి, సన్నముల్లు ఉంటే పక్కకి తోసేస్తుంది. అంగిలిని ప్లాస్టిక్కు కప్పేస్తే ఆ స్పర్శ పోతుంది. ముల్లు గొంతులోకి పోయేదాకా తెలియదు. కొర్రమీనుకి ముళ్ళు తక్కువ, ఫరవాలేదు. శీలావతికి, బొచ్చెకి కండలో దాగిన సన్నముళ్ళు ఎన్నో. ఇవాళ బజారులో దొరికేవి ఎక్కువగా ఈ చెరువు చేపలే. మా అత్తగారు కొల్లేటి అంచు పల్లెలో పుట్టినావిడ. చేపల పులుసు మర్నాటికి గాని రుచికి రాదని వాదించే మనిషి. పళ్ళ సెట్టు వచ్చాక చేప మానేశారు. “ముక్క వద్దులే, పులుసు పొయ్యి” అనేవారు. సెట్టులోని ఇబ్బంది అని ఆవిడకీ తోచలేదు, మాకూ చెప్పినవాళ్ళు లేరు. వయసు వస్తే జిహ్వ చంపుకోవాలి కాబోలు అనుకున్నారు.

కథలోకి వద్దాం. ఇన్నాళ్ళూ ఈ పళ్ళన్నీ షావుకార్లకే. బీదవాళ్ళకి అందింది రబ్బరు వల్ల. చార్లెస్ గుడ్‌ఇయర్ పచ్చి రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే విద్యకి 1844లో పేటెంటు తీసుకున్నాడు. తమ్ముడు నెల్సన్ 1851లో దాన్ని ఇంకా గట్టిగా, కొమ్ములాగ చేశాడు. దానితో ఎవరి చిగుళ్ళ అచ్చుకు తగ్గట్టు వాళ్ళకి సెట్టు పోసేయవచ్చు. అయితే కంపెనీ డాక్టర్ల దగ్గర లైసెన్సు రుసుము వసూలు చేసింది, కట్టనివాళ్ళని కోర్టులకీడ్చింది. 1879లో సాన్‌ఫ్రాన్సిస్కోలో విసిగిపోయిన ఒక డెంటిస్టు కంపెనీ పెద్దని తుపాకితో కాల్చి చంపాడు కూడానూ. తర్వాత 1937 నించీ ఎక్రిలిక్కు వచ్చింది. అదే ఇవాళ మనం చూసే గులాబీరంగు చిగుళ్ళ సెట్టు. చూపుకి ఎంతో నయం. తేలిక, చవక. కింది సెట్టు మాత్రం అప్పుడూ ఎగిరేది, ఇప్పుడూ ఎగురుతుంది.

మన దేశంలో డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మదుగారు అమెరికాలో చదువుకుని వచ్చి 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. అప్పటికీ ఆ తర్వాతా కలకత్తా, మద్రాసులాంటి ఊళ్ళల్లో చైనానించి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు పళ్ళు కట్టేవారు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్య. చెయ్యి చాలా సాఫని పేరు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చి, చదువుకున్నవాళ్ళని ఒక జాబితాలోనూ, చదువు లేకపోయినా అంతకుముందునించీ అదే వృత్తిగా ఉన్నవాళ్ళని ఇంకో జాబితాలోనూ రాసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల హైదరాబాదులో 1959లో మొదలైంది. మన గోదావరి జిల్లాలకి 2000 తర్వాతగాని ఆ భాగ్యం పట్టలేదు. ఇప్పుడు ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ కళాశాల ఉంది, భీమవరంలో విష్ణు కళాశాల ఉంది. అంతదాకా మన అమ్మమ్మలకి దిక్కెవరు? పన్ను కదిలితే దారం కట్టి లాగడం, లవంగ నూనె, ఉప్పునీళ్ళ పుక్కిలి. అన్నీ ఊడాక మెత్తగా పిసికిన పెరుగన్నం. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అని సామెత ఉంది గాని, ఊడాక ఏం పెట్టి నమలాలో చెప్పే సామెత నేనైతే వినలేదు.

సరే, కింది సెట్టు ఎందుకు నిలవదు? మొదటి కారణం తేలికే. పైన అంగిలి ఉంది, పరచుకోడానికి చోటుంది. కింద గుర్రపు లాడంలాగ సన్నటి గట్టు, దాని మధ్యలో క్షణం ఊరుకోని నాలుక, పక్కన బుగ్గలు, ముందు పెదవి. మాట్లాడినా నవ్వినా అందరూ కలిసి దాన్ని తోస్తారు. రక్తపుపోటు మాత్రల్లాంటివి కొన్ని వేసుకునేవాళ్ళకి నోట్లో తడి తగ్గిపోయి మరీ కష్టం.

రెండోది అసలు కారణం. దవడ ఎముకలో పళ్ళుండే గట్టు పళ్ళ కోసమే ఉంటుంది. పన్ను వేరు దాన్ని లాగుతూ నొక్కుతూ ఉన్నన్నాళ్ళే అది బలంగా ఉంటుంది. పన్ను పోయాక ఇక నాకేం పనని కరిగిపోతుంది. కొల్లేటి చెరువు గట్లు చూశారా? గట్టు మీద గడ్డీ వేళ్ళూ ఉన్నంతకాలం మట్టి నిలుస్తుంది. అవి చచ్చిపోతే అల తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం జారి, నాలుగైదేళ్ళకి బండి పోయే గట్టు కాలిబాటవుతుంది. దవడా అంతే. ఫిన్లండు దేశస్థురాలు ఆంట్యె తాల్‌గ్రెన్ అనే డాక్టరమ్మ పళ్ళ సెట్లు పెట్టుకున్నవాళ్ళ దవడలకి 25 ఏళ్ళపాటు ఎక్స్‌రేలు తీస్తూ వచ్చి 1972లో ఫలితం ప్రకటించింది. అన్నేళ్ళయినా అరుగుదల ఆగలేదు. కింది దవడ ముందు భాగం పైదానికన్నా ఇంచుమించు నాలుగింతలు అరిగింది.

ఇప్పుడు చెప్పండి, స్టీలు డబ్బాలో సెట్టు దాచుకున్న ఆవిడ చేసిన నేరమేమిటి? చేయించుకున్న ఏడు సరిగ్గా అతికిన సెట్టు కింద నేల జారిపోతోంది. ఎంత నేర్పుగా చేసిన సెట్టయినా వదులవుతుంది. ఇంకో సెట్టు చేయించినా కొన్నాళ్ళకి అదీ అంతే. జిగురు పొడి చల్లుకుంటే ఓ పూట గడుస్తుంది.

మరి ఎముకలోనే మేకు దిగేస్తే? ఈ ఆలోచన కొత్తది కాదు. 1931లో మధ్య అమెరికాలోని హోండురాసులో పోపెనో దంపతులు తవ్వితే, సుమారు క్రీ.శ. 600 నాటి మాయా జాతి మనిషి కింది దవడ ముక్క దొరికింది. ముందు పళ్ళు మూడింటి చోట గుల్ల ముక్కలు పళ్ళ ఆకారంలో చెక్కి ఎముకలో దిగేసి ఉన్నాయి. మనం గుల్లలు కాల్చి తాంబూలంలోకి సున్నం చేసుకున్నాం. వాళ్ళు గుల్లలతో పళ్ళే చేసుకున్నారు! చచ్చాక అలంకారంగా పెట్టారేమో అనుకున్నారు మొదట. 1970లో ఎక్స్‌రే తీస్తే గుల్లల చుట్టూ ఎముక పెరిగి ఉంది. అంటే బతికుండగానే పెట్టారన్నమాట.

1930ల నించీ అమెరికా, స్వీడను డాక్టర్లు రకరకాల లోహపు స్క్రూలు, ఎముక మీద కూర్చునే చట్రాలు, ఎముకలో దిగే రేకులు ప్రయత్నించారు. కొన్ని నిలిచాయి, ఎన్నో ఊడాయి. ఎముకకీ లోహానికీ మధ్య మెత్తటి కండపొర అల్లుకుని మేకు వదులైపోయేది. గోడలో తడి ఆరకముందు మేకు కొడితే ఎలా ఊగుతుందో అలాగ.

చిక్కు విడిపోయింది ఒక కుందేలు కాలిలో. 1952లో స్వీడనులో లుండ్ అనే ఊళ్ళో బ్రానెమార్క్ అనే కుర్ర డాక్టరు ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలని కుందేలు కాలి ఎముకలో టైటేనియం లోహపు చిన్న గొట్టం అమర్చాడు. పళ్ళ ఊసే లేదు ఆయనకి. పని అయిపోయాక, ఖరీదైన వస్తువు కదా, తీసి మళ్ళీ వాడుకుందామంటే ఊడి రాదే! ఎముక లోహాన్ని తనదిగా చేసుకుని పట్టేసింది. మధ్యలో కండపొర లేదు. వేరే వాళ్ళయితే విసుక్కుని పారేద్దురు. ఆయన ఏళ్ళ తరబడి దాని వెంటపడ్డాడు.

ఈ టైటేనియం మనకి పరాయిది కాదు. 1791లో ఇంగ్లండులో గ్రెగర్ అనే పాదిరీగారు నల్ల ఇసుకలో ఈ లోహం ఆనవాలు కనిపెట్టారు. అటువంటి నల్ల ఇసుక మన భీమిలి ఒడ్డున కాళ్ళకి అంటుకుంటుంది. హైదరాబాదులో 1973లో పెట్టిన మిశ్రధాతు నిగమ్‌లో విమానాలకీ రాకెట్లకీ కావలసిన టైటేనియం సరుకు చేస్తారు. తుప్పు పట్టదు, తేలిక. ముఖ్యంగా మన ఒంటికి పడుతుంది.

1965లో గోటెన్‌బర్గులో గోస్టా లార్సన్ అనే ఆయన ధైర్యం చేసి ముందుకొచ్చాడు. పుట్టుకతోనే దవడ వంకర, కింద పళ్ళు లేవు, తినడానికీ మాట్లాడడానికీ బాధే. ఆయన కింది దవడలో నాలుగు టైటేనియం మేకులు దింపి, వాటి మీద పళ్ళు బిగించారు. 2006లో చనిపోయేదాకా, 40 ఏళ్ళకి పైగా, ఆ మేకులతోనే తిన్నాడు. అయినా లోకం వెంటనే నమ్మలేదు. స్వీడనులోనే పళ్ళ డాక్టర్లు చాలా ఏళ్ళు బ్రానెమార్కును ఎగతాళి చేశారు. 1982లో కెనడాలో టొరంటో సభలో ఆయన లెక్కలన్నీ ముందు పెట్టాకగాని అమెరికా డాక్టర్లు తలలూపలేదు. ఆయన 2014లో పోయారు.

నాలుగైదు మేకులంటే అందరికీ తూగే ఖర్చు కాదు. అందుకని సెట్టును సెట్టుగానే ఉంచి, కింద రెండంటే రెండే మేకులు దింపి, దానికి దన్నుగా చేస్తే చాలదా అని చూశారు. చాలింది. 2002లో మాంట్రియల్లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు కూడి, పళ్ళు పూర్తిగా పోయిన కింది దవడకి ఉత్త సెట్టు కాదు, రెండు మేకుల మీద నిలిచే సెట్టే మొదట చెప్పదగిన వైద్యమని ప్రకటించారు. ఆ సభ నడిపినవాళ్ళలో ముఖ్యురాలు జోసెలిన్ ఫైన్ అనే డాక్టరమ్మ. వాషింగ్టన్ సెట్టుకి బెజ్జం పెట్టిన 213 ఏళ్ళకి మళ్ళీ అక్కడికే వచ్చారు చూడండి!

ఎలా చేస్తారంటే, జాకెట్టుకి టిచ్ బటన్లు కుట్టుకుంటాం కదా, అదీ పద్ధతి. కింద కోరపళ్ళు ఉండే చోట్ల, గడ్డానికి అటొకటీ ఇటొకటీ, తిమ్మిరి సూది ఇచ్చి మేకులు దింపుతారు. అదృష్టమేమిటంటే దవడ ఎంత అరిగినా ఆ గడ్డం దగ్గర ఎముక కాస్త మిగిలే ఉంటుంది. ఎముక వాటిని పట్టుకునేదాకా రెండు మూడు నెలలు ఆగుతారు. ఆ తర్వాత మేకు తలకి చిన్న గుండీ బిగిస్తారు. సెట్టు లోపలివైపు ఆ గుండీ పట్టే కప్పు, అందులో నైలాను రింగో రబ్బరు రింగో ఉంటుంది. నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. రాత్రి లాగితే వస్తుంది. పాత సెట్టు బాగుంటే దాన్నే వాడుకోవచ్చు కూడా. ఎముక బాగా సన్నబడితే సన్న మేకులూ ఉన్నాయి, స్కాను తీసి చూస్తారు.

అందరికీ కాదండోయ్. షుగరు అదుపులో లేనివాళ్ళు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. చుట్టగాని సిగరెట్టుగాని కాల్చేవాళ్ళ దవడలో మేకు సరిగ్గా అతుక్కోకపోయే ప్రమాదం ఎక్కువ. ఎముకలు గుల్లబారాయని సూదులో మాత్రలో వాడుతున్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పాలి. పూర్వం దవడకి రేడియేషను ఇచ్చినవాళ్ళూ అంతే.

తాడేపల్లిగూడెంలో మా పిన్నిగారున్నారు. 2022లో జిల్లాలు విడగొట్టి ఏలూరును ఒక జిల్లాలోనూ తాడేపల్లిగూడెాన్ని ఇంకో జిల్లాలోనూ వేశారుగాని చుట్టరికాలు విడిపోతాయా, రైలెక్కితే గంట. ఆవిడ కింది సెట్టుకి రెండు మేకులు వేయించుకుంటానన్నప్పుడు ఇంట్లో చిన్న రగడే అయింది. “ఈ వయసులో ఎందుకమ్మా అంత ఖర్చు, మెత్తగా చేసి పెడుతున్నాంగా” అన్నాడు కొడుకు. అంతకు ముందేడు ఆవిడకి కంట్లో శుక్లాలు తీయించినప్పుడు అతనే డబ్బు పెట్టాడు, మారు మాట్లాడలేదు. కన్ను అవసరం, మోకాలు అవసరం, నోరు మాత్రం సోకు! నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. ఆడదాని నోరు అంటే ఊళ్ళో అందరికీ లోకువే కదా. మెత్తగా పిసికిన అన్నం, చారు, ఇడ్లీ, పాలల్లో బిస్కెట్టు, వీటి మీద ఏళ్ళ తరబడి బతికే మనిషికి కూరగాయ ముక్కలేవి, పళ్ళేవి, పప్పుగింజలేవి? పదిమందిలో తినలేక వంటింట్లో ఒంటరిగా తినే మనిషికి పండగేది?

పిన్నిగారు ఊరుకోలేదు. తన గాజులు తనవే అన్నారు. కొడుకే సిగ్గుపడి డబ్బు కట్టాడు. మూడు నెలలు పోయాక ఫోను చేస్తే, “పెరుగన్నంలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని తిన్నానే” అన్నారు. ఉల్లిపాయల బజారుకి పేరుపడ్డ ఊళ్ళో కాపురముండి, ఏడేళ్ళుగా ఆవిడ పచ్చి ఉల్లిపాయ కొరకలేదు. పై సెట్టు మామూలుదే ఉంది. దాన్ని కూడా అంగిలి తెరిచి పెట్టాలంటే పైన నాలుగు మేకులైనా కావాలి, పై ఎముక కాస్త మెత్తన. అది ఇంకో ఖర్చు. కనక చేప విషయంలో మటుకు పిన్నిగారు ఇప్పటికీ ముల్లు చేత్తోనే ఏరుకుంటారు, శీలావతి జోలికి పోరు.

మీరు మీ అమ్మగారినో అత్తగారినో తీసుకెళ్ళేటట్టయితే, కింది సెట్టు వదులని చెప్పి ఊరుకోకండి. “గట్టు ఎంత మిగిలింది, రెండు మేకులకి చోటుందా” అని నోరు తెరిచి అడగండి. కాలేజీ ఆస్పత్రుల్లో సాధారణంగా ఖర్చు తక్కువ, కాకపోతే తిరగాల్సి వస్తుంది. నాలుగైదు పళ్ళు ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు అన్నీ పీకించేసుకుందామని తొందరపడకుండా ముందే అడగడం మంచిది. వేళ్ళున్నంత కాలమే గట్టు.

వేయించుకున్నాక పని అయిపోయిందనుకోకండి. మేకు చుట్టూ చిగురుని రోజూ మెత్తటి బ్రష్షుతో తోమాలి. పాచి పట్టితే ఎముక కరిగేది అక్కడా కరుగుతుంది. రింగులు టిచ్ బటన్లలాగే అరిగి వదులవుతాయి, ఏడాదికోసారన్నా చూపించుకుని అవసరమైతే మార్పించుకోవాలి. రాత్రిపూట సెట్టు తీసి చన్నీళ్ళల్లో వేయండి. కాఫీ కాచిన చేత్తో కాస్త వేణ్ణీళ్ళు పోద్దామని బుద్ధి పుడుతుంది. పొయ్యకండి, ప్లాస్టిక్కు వంకరపోతుంది.